ముల్లు ముందు పడిపోయింది

ఈ రోజు షెడ్డు మూసేసరికి తొమ్మిదయింది. ఒళ్లంతా నొప్పులుగా ఉంది కానీ నిద్ర రావట్లేదు, అందుకే రాసుకుంటున్నా.

పొద్దున విజయవాడ ఆటోనగర్‌లో షట్టర్ ఎత్తేసరికే గుంటూరు నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు, వాళ్లావిడ కారేసుకుని వచ్చి కూర్చున్నారు. పెట్రోలు బండి, 70 వేల కిలోమీటర్లు తిరిగింది. మూడు నెలలుగా నడుస్తూ నడుస్తూ ఆగిపోతుందట. ఒకసారి కాజ టోల్ గేటు దగ్గర, ఒకసారి లాడ్జి సెంటర్ సిగ్నల్లో, మొన్న ఆదివారం ఏకంగా కనకదుర్గ వారధి మీద, వెనక లారీలు హారన్లు కొడుతుంటే. ఇరవై నిమిషాలు వదిలేస్తే ఏమీ జరగనట్టు సెల్ఫ్ అందుకుంటుంది. ఆగినప్పుడు మెకానిక్ ఉండడు, మెకానిక్ ఉన్నప్పుడు ఆగదు. నాకంటే ముందు రెండు చోట్ల చూపించారు. ఒకచోట ప్లగ్గులు, కాయిల్స్ మార్చారు, ఇంకోచోట ట్యాంకులోని ఫ్యూయల్ పంపు మార్చారు. మొత్తం 19 వేలు అయిందని మాస్టారు బిల్లులు మడత విప్పి చూపిస్తుంటే నాకు మనసు కష్టంగా అనిపించింది, ఎందుకంటే అవి పెన్షన్ డబ్బులు.

స్కానర్ పెడితే లోపం చెప్పే కోడ్ ఒక్కటి కూడా లేదు. చెక్ ఇంజిన్ లైటు కూడా ఎప్పుడూ వెలగలేదట.

నేను ఎప్పుడూ అడిగేదే అడిగా: "మాస్టారూ, ఆగే ముందు దగ్గుతూ, జర్కులిస్తూ ఆగుతుందా, లేక స్విచ్ కట్టేసినట్టు ఆగుతుందా?" ఆయన ఆలోచిస్తున్నారు. అప్పటిదాకా బెంచీ మీద మాట్లాడకుండా కూర్చున్న అమ్మగారు అన్నారు, "దగ్గదు బాబూ. వారధి మీద నేను చూశాను, బండి ఇంకా పోతూనే ఉంది, ఆ పక్క మీటర్లో ముల్లు మాత్రం టక్కున కింద పడిపోయింది. ఆ తర్వాతే ఈయన ఆగింది అన్నారు." ఈ మాట ముందు ఇద్దరికీ చెప్పారా అని అడిగితే, "నన్నెవరు అడిగారు బాబూ" అన్నారు.

ఆ ఒక్క మాటతో సగం పని అయిపోయింది. ఆవిడ చూసింది ఆర్పీఎమ్ మీటర్, ఇంజిన్ ఎంత వేగంగా తిరుగుతోందో చూపించేది. బండి గేర్లో ఉండి దొర్లుతున్నంతసేపూ చక్రాలు ఇంజిన్‌ని తిప్పుతూనే ఉంటాయి. పెట్రోలు అందక ఆగినా ముల్లు బండి వేగంతో పాటే మెల్లగా దిగాలి. ఇంజిన్ తిరుగుతుండగానే ముల్లు సున్నాకి పడిందంటే, తిరుగుతోందన్న కబురే ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్‌కి, అంటే ఈసీఎమ్‌కి, అందట్లేదన్నమాట. ఆ కబురు మోసేది క్రాంక్ సెన్సర్. క్రాంక్‌తో, అంటే ఇంజిన్ లోపలి ఇరుసుతో, పాటు తిరిగే పళ్ల చక్రాన్ని చూసి, ఒక్కో పన్ను దాటినప్పుడల్లా ఒక సిగ్నల్ పంపుతుంది. అది రాకపోతే ఎప్పుడు పెట్రోలు చిమ్మాలో, ఎప్పుడు స్పార్క్ ఇవ్వాలో ఈసీఎమ్‌కి తెలియదు, రెండూ ఆపేస్తుంది. పంపుని కూడా ఆపేస్తుంది. అక్కడే ముందు చూసినవాళ్లు పొరబడి ఉంటారు, ఆగిన బండిలో పంపు తిరగట్లేదు కాబట్టి పంపే పోయిందనుకుని ఉంటారు. కోడ్ ఎందుకు పడలేదంటే, కొన్ని బండ్లలో సిగ్నల్ ఆగిపోవడానికీ తాళం తీసేయడానికీ ఈసీఎమ్ తేడా పట్టలేదు. నేనూ ఏడెనిమిదేళ్ల కిందట ఇలాగే ఒక ట్యాక్సీ అబ్బాయి చేత పంపు కొనిపించాను. అది తప్పని తర్వాత తెలిసింది, ఇప్పటికీ మర్చిపోలేదు.

అయినా కళ్లతో చూడకుండా పార్ట్ మార్చకూడదనుకుని, స్కానర్ లైవ్‌లో పెట్టి, పక్కన కుర్రాణ్ని కూర్చోబెట్టి ట్రయల్‌కి పోయా. బెంజ్ సర్కిల్, వారధి, తాడేపల్లి, మంగళగిరి దాకా వెళ్లి వచ్చాం, ఏసీ ఫుల్‌లో. ఆగలేదు. తిరిగొచ్చి షెడ్డు బయట ఎండలో అరగంట ఐడిలింగ్‌లో ఉంచాం. అప్పుడూ ఆగలేదు. కుర్రాడు "అన్నా, ఇది ఈ రోజు ఆగదు" అన్నాడు. అప్పుడు ఇంజిన్ కట్టేసి, బానెట్ తీయకుండా పదిహేను నిమిషాలు అలాగే వదిలేశా. ఇంజిన్ ఆగాక నీళ్లు తిరగవు, ఫ్యాను గాలీ ఉండదు, లోపలి వేడంతా బానెట్ కింద పేరుకుని నడిచేటప్పటికంటే ఎక్కువవుతుంది.

పన్నెండూ నలభైకి తాళం తిప్పా. సెల్ఫ్ గిరగిరా తిరుగుతోంది, బండి అందుకోవట్లేదు. స్కానర్ తెరమీద ఆర్పీఎమ్ సున్నా.

మూడు నెలలుగా ఎవరికీ దొరకనిది కళ్ల ముందు ఉంటే చేతులు వణికాయి, నిజంగా. చల్లారిపోతుందేమోనని పరుగున కిందికి దూరి, గేర్‌బాక్స్ పక్కనున్న సెన్సర్ కప్లర్ పీకి, మీటర్ పెడితే సర్క్యూట్ లేదు, ఓపెన్. తడిగుడ్డ వేసి కాసేపు ఆగితే 900 ఓములు చూపించింది. కప్లర్ పెట్టి తాళం తిప్పితే మొదటి దెబ్బకే స్టార్టయింది. అప్పటికీ వైర్లు ఈసీఎమ్ దాకా చెక్ చేశా, కదిపి లాగి చూశా, బాగానే ఉన్నాయి.

సెన్సర్ ఊడదీసి బల్ల మీద పెట్టి, వాళ్లిద్దరినీ పిలిచి, హాట్ గన్‌తో మెల్లగా వేడి చేశా. మీటర్ మీద అంకె 900 నుంచి 950, 1000, 1040 అని ఎక్కింది. రాగి తీగ వేడెక్కితే అలా పెరగడం మామూలే. ఉన్నట్టుండి అంకె పోయి ఓఎల్ అని వచ్చింది, అంటే సర్క్యూట్ తెగిందని. లోపల వెంట్రుక లాంటి తీగ ఎక్కడో తెగి ఉంది, చల్లగా ఉంటే ఆ కొసలు తాకుతాయి, వేడికి విడిపోతాయి. అమ్మగారు వంగి ఆ మీటర్నే చూస్తూ ఉండిపోయారు. "ఇంత చిన్నదా" అన్నారు. బొటనవేలంత ఉంటుంది అంతే.

కొత్తది 2 వేల లోపే దొరికింది. బిగించి, మళ్లీ అలాగే కాగబెట్టి, కట్టేసి, పావుగంట వదిలి మూడుసార్లు స్టార్ట్ చేసి చూశా. మూడుసార్లూ ఆర్పీఎమ్ తెరమీద కదిలింది. మధ్యాహ్నం భోజనం నాలుగింటికి అయింది. మాస్టారు లేబరు ఎక్కువ ఇవ్వబోతే తీసుకోలేదు, పాత సెన్సర్ మాత్రం అడిగి ఉంచుకున్నా, కుర్రాడికి వేడి చేసి చూపించడానికి పనికొస్తుంది.

ఏడున్నరకి అమ్మగారే ఫోన్ చేశారు. కాజ దగ్గర పావుగంట క్యూలో ఉన్నారట, ఏసీ ఆపలేదట, దారంతా ఆ ముల్లునే చూస్తూ వచ్చారట. ఇంటికి చేరారు.