తెల్లవారుజాము నాలుగింటి లెక్క

పొద్దున ఆరు కూడా కాలేదు, మామ ఫోను. "ఏందబ్బయా ఇది, రాత్రి పదిన్నరకి రెండో గుంటలో డీఓ 3.4 అని చూపిస్తా ఉండాది, పదిన్నరప్పుడు నేను గట్టు మీదే ఉండా గదా, ఐదుకి పైనే ఉండింది."

మామకి విడవలూరు పక్కన మూడు రొయ్యల గుంటలున్నాయి, వనామీ రకం. మేత ఎంత వేశారు, మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రేలో ఎంత మిగిలింది, డీఓ అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్ ఎంత, ఇవన్నీ రాసుకోడానికి ఆరేళ్ల కింద నేనే జావాలో చిన్న వెబ్ అప్లికేషన్ రాసిచ్చా, నాలుగు సర్వ్‌లెట్లు (సర్వర్‌లో పనిచేసే జావా క్లాసులు), కొన్ని జేఎస్పీ పేజీలు, వెనకాల మైఎస్‌క్యూఎల్ డేటాబేస్, అంతే. ఇన్నాళ్లూ వాళ్ల హాల్లో ఉన్న పాత డెస్క్‌టాప్ మీదే నడిచింది, ఈమధ్య దాని హార్డ్ డిస్క్ శబ్దం చేస్తుంటే భయమేసి, కంటైనర్‌లో, అంటే ప్రోగ్రామూ దానికి కావాల్సినవన్నీ కలిపి కట్టిన డబ్బాలో పెట్టి, ఒక చిన్న క్లౌడ్ సర్వర్ మీదకి ఎక్కించేద్దాం అని నిన్న ఆదివారమంతా దాని ముందే కూర్చున్నా.

నిన్న ముందు ఏం చేశానంటే జావా వెబ్ అప్లికేషన్లు నడిపే టామ్‌క్యాట్ సర్వర్ లేటెస్ట్ ఇమేజ్ (కంటైనర్‌కి అచ్చు లాంటిది) తీసుకుని, నా అప్లికేషన్ మూట కట్టిన వార్ ఫైల్ అందులో వేశా, పేజీ లేదని 404 వచ్చింది. లాగ్ చూస్తే సర్వ్‌లెట్ క్లాసులే దొరకట్లేదంట. టామ్‌క్యాట్ 10 నుంచి సర్వ్‌లెట్ల జావాఎక్స్ పేర్లు జకార్తా అయిపోయాయి, నా కోడ్ పాతది, అందుకే 9కి దిగా. ఇమేజ్ ఎట్లా కట్టాలో చెప్పే డాకర్‌ఫైల్ రెండు దశల్లో రాశా, మొదటి దశలో మేవెన్ అనే టూల్ బిల్డ్ చేస్తుంది, రెండో దశలోకి వార్ ఒక్కటే రూట్ డాట్ వార్ పేరుతో వెబ్‌యాప్స్ ఫోల్డర్‌లోకి పోతుంది, మేవెనూ సోర్సూ ఇమేజ్‌లోకి రావు. ఏయే లైబ్రరీలు కావాలో రాసుండే పామ్ ఫైల్ ముందు కాపీ చేసి అవి దించుకుని, ఆ తర్వాతే సోర్స్ కాపీ చేయాలి, ఇది ఎవరన్నా కొత్తగా చేసేవాళ్లుంటే తప్పకుండా పాటించండి, లేకపోతే ఒక్క జేఎస్పీలో అక్షరం మార్చినా లైబ్రరీలన్నీ మళ్లీ మొదట్నుంచీ దిగుతాయి. ఇంకోటి, డేటాబేస్ అడ్రస్ లోకల్‌హోస్ట్ అని ఉండింది, కంటైనర్ లోపల లోకల్‌హోస్ట్ అంటే ఆ కంటైనరే, పక్కనున్న మైఎస్‌క్యూఎల్ కాదు, కంటైనర్లన్నిటినీ కలిపి నడిపే కంపోజ్ ఫైల్లో డేటాబేస్ సర్వీస్‌కి పెట్టిన పేరు ఇస్తే కలిసింది. రాత్రి పదకొండుకి లింకు మామకి పంపి పడుకున్నా.

ఇప్పుడీ 3.4. పగలు నీళ్లలో నాచు ఎండకి ఆక్సిజన్ ఇస్తుంది, చీకటి పడ్డాక ఆ నాచూ రొయ్యలూ అన్నీ వాడుకునేవే, అందుకే తెల్లవారుజామునే డీఓ బాగా పడిపోతుంది. మామ రెండింటికోసారి నాలుగింటికోసారి లేచి మీటర్ పెట్టేది అందుకే, ఆ అంకెని బట్టే నీళ్లలోకి గాలి ఎక్కించే ఏరేటర్ ఇంకోటి వేయాలా వద్దా అనేది. అంత ముఖ్యమైన అంకె రాత్రి పదిన్నర కింద పడితే ఎట్లా.

"మామా, 3.4 నువ్వు ఎప్పుడు ఎక్కించావు?"

"నాలుక్కి."

నాలుగులోంచి ఐదున్నర గంటలు తీస్తే ముందురోజు రాత్రి పదిన్నర. అప్పుడు వెలిగింది. కంటైనర్ యూటీసీ అనే ప్రపంచ ప్రామాణిక సమయంలో నడుస్తా ఉంది, మనది దానికి ఐదున్నర గంటలు ముందు. కోడ్‌లో నేను లోకల్ డేట్ టైమ్ నౌ అని, అంటే మిషన్‌లో టైమ్ ఎంతుంటే అంతే తీసుకోమని ఊరికే వదిలేశా, ఆ డెస్క్‌టాప్‌కి మన టైమే ఉండేది కాబట్టి ఆరేళ్లూ తప్పు బయటపడలా. అర్ధరాత్రి నుంచి ఐదున్నర దాకా ఏం రాసినా నిన్నటి తేదీలోకి పోతుంది, సరిగ్గా మామకి కావాల్సిన గంటలే అవి.

కంపోజ్‌లో టీజెడ్ (టైమ్ జోన్) అని ఏషియా కోల్‌కతా పెడితే జావా దాన్ని చదువుకుంటుంది, ఒక్క లైను పని. కానీ రేపు ఇంకెవరో ఇంకో సర్వర్‌కి మారుస్తూ ఆ లైను మర్చిపోతే మళ్లీ ఇదే కథ, అందుకే కోడ్‌లోనే టైమ్ తీసుకునే ప్రతిచోటా జోన్ రాశా, పదకొండు చోట్ల ఉంది. ఆఫీసు కాల్ తొమ్మిదింటికి, ఎనిమిదిన్నరకల్లా కొత్త ఇమేజ్ ఎక్కించేశా.

సాయంత్రం వేదాయపాళెం నుంచి బండేసుకుని మామ దగ్గరికి పోయా, తప్పు పడిన ఆరు వరసలూ ఫోన్లో మాట్లాడుకుంటా సరిచేయబుద్ధి కాలా. మామ జేబులోంచి చిన్న పుస్తకం తీశాడు, ఉప్పునీళ్లు తగిలి అంచులు ఉబ్బిపోయి ఉన్నాయి, పెన్సిల్‌తో ఒకటి 4.6, రెండు 3.4, మూడు 4.1, పక్కనే "4 గం". కంప్యూటర్ వచ్చి ఆరేళ్లయినా ఈ పుస్తకం ఆపలా ఈయన. ఆయన చదువుతుంటే నేను ఒక్కో వరసా దిద్దా, ఆరోది అయ్యాక గ్రాఫ్ తెరిచి చూపిస్తే నాలుగింటి దగ్గర గీత కిందకి దిగి కనపడింది. "ఆ, ఇప్పుడు సరిపోయింది" అని మేత బస్తాల వైపు పోయాడు.

రేపు పొద్దున నాలుక్కి నేనూ అలారం పెట్టుకున్నా, ఆయన ఎక్కించగానే ఏ తేదీలో పడిందో చూడాలి.