ఎండని బట్టి తిరిగిన టూర్: ఢిల్లీ, ఆగ్రా, సిక్రీ

టికెట్ కొనుక్కుని తాజ్ మహల్‌కి ఎవరైనా వెళ్ళొచ్చు కదా, దానికి మళ్ళీ ఫోటో టూర్ ఎందుకు, డబ్బు దండగ అని ఇంట్లో గట్టిగానే అన్నారు. వెళ్ళొచ్చాక నేను చెప్పేది ఒకటే. మామూలు ప్యాకేజీ బస్సు మనల్ని పార్కింగ్‌ని బట్టి, భోజనాల టైముని బట్టి తిప్పుతుంది. ఈ టూర్ ఎండని బట్టి తిప్పింది. ఏ గోడ మీద ఏ పూట వెలుగు పడుతుందో తెలిసిన మనిషి పక్కన ఉంటే అదే కెమెరా, అదే లెన్స్ వేరే ఫోటోలిస్తాయి.

ఢిల్లీలో దిగిన రోజు పొద్దున్నే హుమాయూన్ సమాధికి వెళ్ళిపోవాలని అందరికీ తొందరే. గైడు మధ్యాహ్నం దాటేదాకా కదలనివ్వలేదు. ఇప్పుడు జనాన్ని లోపలికి పంపేది పడమటి ద్వారం గుండా కాబట్టి, పొద్దున వెళ్తే సూర్యుడు కట్టడం వెనక ఉంటాడు, మనకి ఎదురయ్యేదంతా నీడే. సాయంత్రం ఎండ తిన్నగా ఆ ముఖం మీదే పడుతుంది, ఎర్ర ఇసుకరాయి నిప్పులా వెలుగుతుంది. అక్కడే ఆయన చెప్పిన చిన్న కిటుకు నాకు బాగా పనికొచ్చింది: వైట్ బ్యాలెన్స్ (వెలుగు రంగుని కెమెరా సరిచేసే సెట్టింగ్) ఆటోలో వదిలేస్తే కెమెరా ఆ ఎరుపుని తప్పనుకుని చల్లార్చేస్తుంది, డేలైట్‌లో పెట్టుకోవాలి.

ద్వారం దాటుతూనే కుడివైపు ఈసా ఖాన్ సమాధి ఉంటుంది, ఎనిమిది మూలల చిన్న కట్టడం. చాలామంది ఆగకుండా పోతారు. నేను మాత్రం ఆగమంటాను. 1547 నాటిది అది, హుమాయూన్ సమాధి కంటే పాతది. ఈసా ఖాన్ ఎవరనుకున్నారు? షేర్ షా సూరి కొలువులో ఉన్నవాడు. 1540లో హుమాయూన్‌ని గద్దె దించి దేశం వదిలి పోయేలా చేసిన షేర్ షా మనిషి సమాధి, హుమాయూన్ సమాధి గుమ్మం పక్కనే ఉంది! ఈ సంగతి తెలిశాక రెండు గుమ్మటాల్నీ చూసే చూపే మారిపోయింది నాకు.

ఇక తాజ్. సూర్యోదయానికి అరగంట ముందు గేట్లు తెరుస్తారు, చీకట్లోనే క్యూలో నిలబడాలి. ట్రైపాడ్ లోపలికి రానివ్వరు, డ్రోన్ ఊసే ఎత్తకూడదు. మనవాళ్ళకి ప్రవేశం ₹50, సమాధి మందిరం దాకా వెళ్ళాలంటే ఇంకో ₹200, టికెట్ మూడు గంటలకే పనికొస్తుంది. తెల్లారకముందు వెలుగు తక్కువ, ట్రైపాడ్ లేదు కాబట్టి ఐఎస్ఓ, అంటే వెలుగుకి కెమెరా స్పందించే తీవ్రత, పెంచక తప్పదు. ఫోటోలో కాస్త గరుకు చుక్కలు కనిపించినా ఫర్వాలేదు, చెయ్యి వణికిన ఫోటోని మాత్రం ఎవరూ బాగుచెయ్యలేరు. గేటు తియ్యగానే అందరూ నీటి కాలవ ముందుకే పరిగెత్తారు. మా గైడు మమ్మల్ని పడమటి వైపున్న మసీదు దగ్గరికి తీసుకుపోయాడు. ఆ కమాను లోపల నిలబడి తూర్పుకి చూస్తే తాజ్ వెనకనుంచి వెలుగు వస్తుంది, గుమ్మటం అంచు ఒక్కటే మెరుస్తూ మిగతాదంతా నీలి నీడలో ఉంటుంది. ఆ పూట అక్కడ జనం చాలా పల్చగా ఉన్నారు.

హుమాయూన్ సమాధి తోట నడిమధ్యలో ఉంటుంది. షాజహాన్ తాజ్‌ని తోట మధ్యలో పెట్టలేదు, ఉత్తరపు కొసకి జరిపి యమున ఒడ్డున నిలబెట్టాడు. దాంతో ఏమైందంటే, దక్షిణం నుంచి చూసేవాడికి గుమ్మటం వెనక చెట్టు లేదు, గోడ లేదు, ఉన్నదల్లా ఆకాశమే. నాలుగు వందల ఏళ్ళ కిందట కెమెరా అన్న మాటే లేని రోజుల్లో ఎవరో మన బ్యాక్‌గ్రౌండ్ ఖాళీ చేసిపెట్టారు. నాకు ఈ టూర్‌లో అన్నిటికంటే విలువైన విషయం ఇదే.

తెల్ల పాలరాయితో ఇంకో పేచీ ఉంది. ఫ్రేము నిండా తెలుపే ఉంటే కెమెరా దాన్ని బూడిద రంగుకి లాగేస్తుంది. ఎక్స్‌పోజర్, అంటే ఫోటోకి అందే వెలుగు, ఒక మెట్టు దాకా పెంచుకోవాలి, కానీ ఎండ తగిలే చోట రాతి గీతలు మాయమవకుండా ఓ కన్నేసి ఉంచాలి. వైడ్ లెన్స్ పైకి ఎత్తితే మినార్లు లోపలికి వాలినట్టు వస్తాయి, నిజానికి అవి కాస్త బయటికి వంచి కట్టినవి. కెమెరాని సమంగా పట్టుకుని, కింద నేల ఎక్కువొచ్చినా తర్వాత కత్తిరించుకోవడమే మేలు. గుమ్మం చుట్టూ ఉన్న అక్షరాలు అమానత్ ఖాన్ రాసినవి, పైకి పోయేకొద్దీ పెద్దవి చేశారు, కింద నిలబడ్డ మనకి అన్నీ ఒకే సైజులో కనబడాలని. లోపల సమాధుల దగ్గర ఫోటోలు తియ్యకూడదు, అక్కడ కెమెరా మూసేసి కళ్ళతో చూడండి.

నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది ఆగ్రాలోనే ఉన్న ఇత్మాద్ ఉద్ దౌలా సమాధి దగ్గర. నూర్జహాన్ తన తండ్రి మీర్జా గియాస్ బేగ్ కోసం 1622–28 మధ్య కట్టించింది. చిన్నది, జనం తక్కువ, గోడల నిండా రంగురాళ్ళ పొదుగుడు పని: సరుగుడు లాంటి సన్నటి సైప్రస్ చెట్లు, సన్న మెడ కూజాలు, పూల కుండీలు. మా గుంపులో రిటైరైన ఒక టీచరమ్మగారు ఉన్నారు, ఆవిడ దగ్గర ఫోను తప్ప ఇంకేం లేదు. నేను ఎండ తగిలే గోడ దగ్గర కుస్తీ పడుతుంటే నీడవైపు నుంచి పిలిచారు. "ఇటు రా బాబూ, అక్కడ మెరుపు తప్ప ఏం రాదు. ఈ పువ్వు చూడు, రంగు ఎంత శుభ్రంగా కనబడుతోందో!" ఆవిడన్నది అక్షరాలా నిజం. పొదిగిన రాయి గోడతో సమానంగా నున్నగా ఉంటుంది, పక్కనుంచి వెలుగు కొట్టినా నీడ పడదు, కళ్ళు చెదిరే మెరుపే మిగులుతుంది. దానికి నీడే కావాలి. తాజ్ గోడల అడుగున చెక్కిన పూలు మాత్రం ఉబ్బెత్తుగా ఉంటాయి, వాటికి ఏటవాలు ఎండ కావాలి, అప్పుడే రేకు రేకుకీ నీడ వస్తుంది.

శుక్రవారం తాజ్ మూసేస్తారు కాబట్టి ఆ రోజు ఫతేపూర్ సిక్రీకి పెట్టారు, ఆగ్రా నుంచి 40 కిలోమీటర్ల లోపే. అక్కడి ఐదంతస్తుల పంచ్ మహల్‌లో కింది అంతస్తున 84 స్తంభాలు, పైకి పోయేకొద్దీ తగ్గుతూ చివర నాలుగే. అక్కడ నాకు నచ్చని పని ఒకటి జరిగింది. నిర్వాహకులు ఒక పెద్దాయనకి డబ్బిచ్చి, తలపాగా కట్టించి, కమాను కింద నిలబెట్టారు, అందరం వరసగా తియ్యాలట. ఆయన మొహంలో విసుగు స్పష్టంగా కనబడుతోంది. నేను తియ్యలేదు. ఆ మాటే నిర్వాహకులకి కూడా చెప్పాను. సలీం చిష్తీ దర్గా దగ్గర పాలరాతి జాలీలకి (చిల్లుల తెరలకి) దారాలు కట్టి మొక్కుకునే మనుషులు బోలెడంతమంది ఉన్నారు, అడిగి, ఒప్పుకుంటే తీసుకోవచ్చు, వద్దంటే మన దారిన మనం పోవచ్చు.

చివరి సాయంత్రం యమున అవతల మెహతాబ్ బాగ్. అక్కడ షాజహాన్ నల్ల తాజ్ కట్టబోయాడనే కథ చాలామంది చెప్తారు. మా గైడు చెప్పలేదు, తవ్వకాల్లో బయటపడిన ఎనిమిది మూలల కొలను చూపించి ఇది వెన్నెల తోట అన్నాడు. అందుకు ఆయన మీద గౌరవం పెరిగింది.

మీరు వెళ్ళాలనుకుంటే డబ్బు కట్టేముందు ఒకే ప్రశ్న అడగండి: ఏ కట్టడానికి ఏ పూట తీసుకెళ్తారు, ఎందుకు? జవాబు తడబడితే వదిలెయ్యండి. నవంబరు, ఫిబ్రవరి మంచివి. డిసెంబరు, జనవరిల్లో పొగమంచుకి ఒక్కోసారి తాజ్ మొత్తం కనబడకుండా పోతుంది, రైళ్ళూ ఆలస్యమే. మార్చి దాటాక అయితే సిక్రీ దర్గా ముంగిట్లో చెప్పులు విప్పి ఆ కాలిన రాళ్ళ మీద నడవడం కష్టం, మేజోళ్ళు దగ్గర పెట్టుకోండి.