అరిగిన పాదాలు

మ్యూజియం పేరు రాయను, ఎందుకంటే తిట్టబోతున్నాను. చెన్నైలో, మైలాపూరు దగ్గరే, ఒకరి పాత ఇంట్లో రెండు హాళ్ళు, గోడల నిండా అద్దాల బీరువాలు, వాటిలో దేశదేశాల బొమ్మలు. టికెట్టు మనిషికి 150. ఫోన్‌తో ఫొటో తీస్తే ఇంకో 100. ఆ రెండో ముక్క టికెట్లు చింపాక చెప్పారు.

అప్పటికే ఒళ్ళు మండిపోయి ఉన్నాను. మా రైలు, పినాకిని, సెంట్రల్ స్టేషన్‌కి చేరేసరికి ఒంటిగంట దాటింది. ఆటో అతను 400 అన్నాడు. నాకొచ్చిన నాలుగు తమిళ ముక్కలతో బేరమాడితే 350కి దిగాడు, దిగేటప్పుడు లగేజీ ఉందని 380 చేశాడు. లగేజీ అంటే అమ్మ ఒళ్ళో ఉన్న అరిసెల డబ్బా.

మర్నాడు పిన్ని మనవరాలి ఓణీల ఫంక్షన్. దాని గురించి చెప్పేదేం లేదు, భోజనాలు బాగున్నాయి. ఆ మిగిలిన సాయంత్రమే అమ్మని బొమ్మలకి తీసుకెళ్ళాను. దసరా దగ్గర పడింది కదా, ఉత్తర మాడ వీధి పొడుగునా కొలువు బొమ్మలు పరిచేశారు. అమ్మ ప్రతి కుప్ప దగ్గరా ఆగి ధర అడిగి, ఏమీ కొనకుండా నడిచింది. "వీళ్ళకి దసరాకి, మనకి సంక్రాంతికి. అప్పటికి ధరలు దిగుతాయిలే" అంది.

బొమ్మల మ్యూజియం అంటే నా మనసులో ఢిల్లీది ఉంది. కార్టూనిస్టు శంకర్ పెట్టింది. పిల్లల పోటీకి బహుమతిగా ఇవ్వమని హంగరీ రాయబారి ఒక బొమ్మనిస్తే, అది ఆయనకే తెగ నచ్చేసి, అక్కణ్ణించి బొమ్మలు పోగేయడం మొదలుపెట్టాడట. 1965లో మ్యూజియం తెరిచేనాటికి అదో పెద్ద పిచ్చి అయి కూర్చుంది. అక్కడ నడిచి నడిచి కాళ్ళు పీకాయి. ఇక్కడ పది నిమిషాల్లో అయిపోతుందనుకున్నాను.

అమ్మ జపాన్ బీరువా దగ్గర ఆగిపోయింది. ఎర్రగుడ్డ పరిచిన ఏడు మెట్లు. పై మెట్టు మీద రాజూ రాణీ, కింద ముగ్గురు చెలికత్తెలు, ఆ కింద ఐదుగురు వాయిద్యగాళ్ళు.

"ఏమే, వీళ్ళూ కొలువు పెడతారా!"

పెడతారు. మార్చి 3న, ఆడపిల్లలున్న ఇళ్ళల్లో. పండగ అవగానే సర్దేయాలట, ఆలస్యం చేస్తే ఆ ఇంటి పిల్లకి పెళ్ళి ఆలస్యమవుతుందని నమ్మకం. ఇది చదివి చెప్పడం నా తప్పు.

"చూశావా మరి. మన బొమ్మలు అటకెక్కేసరికి శివరాత్రి వచ్చేది. అందుకే నీకు ముప్పై దాటాకగానీ కాలేదు."

పక్కనున్న కాలేజీ పిల్లలిద్దరూ నవ్వారు. వాళ్ళకి తెలుగొచ్చన్నమాట. ఈ ఊళ్ళో ఎవరికి తెలుగు వచ్చో ఎవరికి రాదో చివరిదాకా తేలదు.

రష్యా బొమ్మలు, ఒకదాని కడుపులో ఒకటి, అమ్మ అటు తల కూడా తిప్పలేదు. చివరి బీరువాలో కింద అరలో, తంజావూరు తలాడించే బొమ్మ వెనక, మా ఇంటి జంట కనిపించింది. అవే ఎర్రచందనం బొమ్మలు, జానెడు పొడుగు, బిగుసుకున్న చేతులు. తమిళంలో మరపాచ్చి అంటారు. మా నానమ్మకి పెళ్ళిలో ఇచ్చిన జంట తిరుపతిలో కొన్నది, ఇప్పటికీ కొలువులో మొదట ఎక్కేది అదే. ఇక్కడ చీటీ మీద ఉన్నది రెండే మాటలు, "సౌత్ ఇండియా, ఉడ్". పక్కన స్విస్ బొమ్మకి మాత్రం జిల్లాతో సహా రాశారు.

"తిరుపతి అని రాయొచ్చు కదా" అని అమ్మ కాపలా పెద్దాయన మీద పడింది, తెలుగులోనే. నేను ఆపబోయాను.

"ఏ ఊరమ్మా మీది?" అన్నాడాయన. "మేమూ తెలుగే. మాట్లాడతాం, చదవను రాదు."

ఒంగోలు అని చెప్పాక ఇద్దరికీ ఇక నేను అక్కర్లేదు. వాళ్ళమ్మ కూడా కొలువుకి ఇలాంటి జంటకే పాత పట్టుచీర చింపి బట్టలు కుట్టేదట. కాసేపటికి జేబులోంచి తాళాలగుత్తి తీసి, అటూ ఇటూ చూసి, బీరువా తెరిచాడు. ఫొటోకి 100 అడిగిన చోట!

అమ్మ ఆడబొమ్మని తీసి తలకిందులు చేసింది. ఎందుకో నాకు తెలుసు. మా ఇంట్లో ఆడబొమ్మకి పాదాల్లేవు. ఎవరికి ఎక్కడ వాచినా నానమ్మ దాన్నే తెచ్చి, సానరాయి మీద నాలుగు చుక్కల నీళ్ళేసి పాదాలు అరగదీసి, ఆ ఎర్రటి గంధం పట్టించేది. నా మోకాళ్ళకి, నాన్న చీలమండకి, ఎదురింటివాళ్ళ చంటిదాని దవడకి. నిలబెడితే ఇప్పుడది పక్కకి ఒరుగుతుంది, కింద మడతపెట్టిన అట్టముక్క పెడతాం.

అమ్మ బొటనవేలితో ఆ బొమ్మ పాదాలు రెండుసార్లు తడిమింది. అంచులు కొత్తవాటిలా పదునుగా ఉన్నాయి.

"అయ్యో, దీన్నెవరూ ఒక్కసారి కూడా వాడలేదు నాయనా" అని దాని చోట దాన్ని పెట్టేసింది.