పేషెంటు బరువు 450 కిలోలు

గుర్రానికి గుండె జబ్బు అంటే ముందు నవ్వొస్తుంది జనానికి. "బీపీ కూడా ఉందా?" అని అడిగినవాళ్లున్నారు. మా ఆఫీసులో ఒకాయన "స్టెంట్ వేయించారా మేడం?" అన్నాడు. అప్పట్లో ఆ మాటకు వాష్‌రూమ్‌లోకి పోయి ఏడ్చాను. ఇప్పుడు మా గుర్రం వెన్నెల కుదుటపడింది. అందుకే కూర్చుని రాయగలుగుతున్నాను. కొందరికి దండం పెట్టాలి, కొందరిని కడిగేయాలి. రెండూ ఇక్కడే కానిస్తాను.

వెన్నెల థరోబ్రెడ్ జాతి ఆడగుర్రం, వయసు పదిహేడు. మలక్‌పేట రేస్‌కోర్సులో పరిగెత్తిన రోజుల్లో దానికి ఏదో పెద్ద ఇంగ్లీషు పేరుండేదట. రేసులైపోయాక ఊరి బయట ఒక రైడింగ్ స్కూలుకు చేరింది. మా అమ్మాయి స్వారీ నేర్చుకున్నది దాని మీదే. స్కూలు మూసేస్తూ గుర్రాలను పెళ్లి బరాత్‌ల వాళ్లకు అమ్మేస్తుంటే, చూసి ఊరుకోలేక మావారు దీన్ని కొన్నారు. మొయినాబాద్ దగ్గర మామగారి మామిడితోటలో షెడ్డు వేశాం. దాన్ని చూసుకునే సైస్ కూడా దాంతోపాటే వచ్చేశాడు. చిన్నప్పటి నుంచీ గుర్రాల మధ్యే బతికిన మనిషి. మా ఇంటిల్లిపాదికీ చాచా.

తేడా మొదట కనిపెట్టింది చాచానే. "బేటీ, దీని దమ్ము మంచిగ లేదు" అన్నాడు ఒకరోజు. తోట చుట్టూ ఒక్కసారి నడిపిస్తే చాలు, దగ్గుతోంది, మెడంతా చెమట. టీకాలకు వచ్చే డాక్టరుగారిని పిలిచాం. స్టెతస్కోపు పెట్టి అర నిమిషం విన్నారో లేదో, "రేసు గుర్రం గదమ్మా, గుండె పెద్దగా ఉంటుంది, మధ్యమధ్యలో ఒక దెబ్బ తప్పుతుంది. నెట్‌లో చదివి టెన్షన్ పడకండి" అన్నారు.

ఆయన చెప్పింది పూర్తిగా తప్పు కాదు, అదే నా ఉక్రోషం. గుర్రం గుండె తీరిగ్గా ఉన్నప్పుడు నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకుంటుంది. బాగా కండపట్టిన గుర్రాల్లో అప్పుడప్పుడూ ఒక దెబ్బ ఎగిరిపోతుంది కూడా. దానివల్ల ప్రమాదం లేదు. కానీ అది ప్రమాదం లేని రకమేనా అని తేల్చుకోవడానికి చాలా సులువైన పరీక్ష ఉంది. గుర్రాన్ని కాసేపు దుడుకు నడకన, అంటే నడకకూ పరుగుకూ మధ్య వేగంలో, తిప్పి మళ్లీ వినాలి. మామూలుదైతే గుండె వేగం పెరగ్గానే లయ సర్దుకుంటుంది. సర్దుకోలేదంటే విషయం వేరు. ఆ ఐదు నిమిషాలు ఆయన దగ్గర లేవు. మాతో మాట్లాడుతున్నంతసేపూ బండి తాళం వేలికి తిప్పుతూనే ఉన్నారు. నెట్‌లో చదివానని నన్ను అన్నారు గానీ, అప్పటికి నేనేమీ చదవలేదు. చదవడం తర్వాత మొదలైంది.

కొన్ని నెలలకు ముందుకాళ్ల మధ్య, పొట్ట కింద వాపు వచ్చింది. వేలితో నొక్కితే గుంట పడి, అలాగే ఉండిపోయేది. అప్పుడు ఎవరో చెబితే, ఆర్మీలో గుర్రాలకు వైద్యం చేసి రిటైరై సికింద్రాబాద్‌లో ఉంటున్న ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాం. అందరూ కల్నల్ గారంటారు. తోటకు వచ్చి, స్టెతస్కోపు తీయకముందే దవడ ఎముక కింద రెండు వేళ్లు పెట్టి నాడి చూశారు. ఆ వేళ్లు తీయకుండానే చాచాతో పాతికేళ్ల కిందటి రేసుల గురించి మాట్లాడారు. తర్వాత నడిపించారు, దుడుకు తీయించారు, ఎడమ మోచేయి వెనకాల మళ్లీ విన్నారు. స్టెతస్కోపు నాకిచ్చి "మీరూ వినండి" అన్నారు. కొత్తగా డప్పు చేతికిచ్చిన పిల్లాడు వాయించినట్టుంది లోపల. రెండు దెబ్బలు గబగబా, ఒక పెద్ద ఖాళీ, మళ్లీ మూడు.

ఏట్రియల్ ఫిబ్రిలేషన్. పైన ఉండే గదులు కొట్టుకోవడం మానేసి వణుకుతూ ఉంటాయి. మనుషులకూ వచ్చేదే. స్కానింగులో ఎడమవైపు మైట్రల్ కవాటం లీకవుతోందనీ, పై గది సాగిపోయిందనీ తేలింది. జబ్బు కొత్తగా వచ్చి, కవాటాలు బాగుంటే, క్వినిడిన్ అనే మందును ముక్కులోంచి కడుపులోకి గొట్టం వేసి ఇస్తారు. చాలా గుర్రాలకు లయ తిరిగొస్తుందట. గుండె ఇంతగా సాగాక ఆ మందే ప్రాణం తీయొచ్చు, నేనివ్వను అన్నారు కల్నల్ గారు. "ముందే తెలిసుంటే?" అని అడిగాను. ఆయన జవాబు చెప్పకుండా ఈసీజీ కాగితం మడతపెట్టారు. తోటి డాక్టరును ఒక్క మాట అనలేదు. ఆయన మంచితనం అది. నాకంత మంచితనం లేదు.

ఆయన అడిగిన ఇంకో ప్రశ్న కూడా నన్ను చాలాకాలం నిద్రపోనివ్వలేదు. "ఎప్పుడైనా కోళ్ల దాణా తిందా?" కోళ్ల దాణాలో కలిపే మొనెన్సిన్ లాంటి మందులు కోళ్లకు మేలు చేస్తాయి, గుర్రానికి మాత్రం గుండె కండరాన్నే తినేస్తాయి. బతికి బయటపడ్డవాటికీ మచ్చ మిగిలిపోతుంది. చాచా తలవంచుకుని చెప్పాడు, రైడింగ్ స్కూలుకు దాణా వచ్చే మిల్లులోనే కోళ్ల దాణా కూడా ఆడేవారట, ఒక వేసవిలో మూడు గుర్రాలు జబ్బుపడ్డాయట. ఇన్నేళ్ల తర్వాత ఏ రక్తపరీక్షా దాన్ని రుజువు చేయలేదు. ఆ స్కూలు వాళ్లు ఎక్కడున్నారో కూడా తెలీదు. ఈ కోపాన్ని ఎక్కడ దించుకోవాలో నాకు ఇప్పటికీ తెలియదు.

మందులు మొదలయ్యాయి. అందులో గుండె వేగాన్ని తగ్గించే డిజాక్సిన్ ఒకటి. మా అత్తయ్య వేసుకునే మాత్రే. ఆవిడకు రోజుకు ఒకటి, వెన్నెలకు పూటకు ఇరవై. ఒంట్లో చేరిన నీటిని మూత్రంగా బయటికి పంపే లాసిక్స్ ఇంకొకటి. దాని మాత్రలు గుర్రాలకు సరిగ్గా పట్టవు కాబట్టి ఇంజెక్షన్. ఉప్పు గడ్డ తీసేయించారు. స్వారీ శాశ్వతంగా బంద్. ఎప్పుడైనా కూలిపోవచ్చు, దానికీ గోడకూ మధ్య ఎవరూ నిలబడొద్దు, పిల్లల్ని లోపలికి పంపొద్దు అన్నారు. మా అమ్మాయి ఆరోజు అన్నం తినలేదు.

ఆ వారమే మా బావగారు భోజనానికి వచ్చారు. ఖర్చు సంగతి మావారు చెప్పి ఉంటారు. "గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని ఊరికే అనలేదమ్మా. ఒక ఇంజెక్షన్ ఇప్పించేయండి, దానికీ సుఖం, మీకూ సుఖం" అన్నారు పప్పు కలుపుకుంటూ. నేను గరిటె గిన్నెలో పడేసి లోపలికి వెళ్లిపోయాను. అప్పుడు వినపడింది అత్తయ్య గొంతు. "నాకూ గుండె బాగోలేదు గదరా. నన్నేం చేద్దామంటావ్?"

షెడ్డు వాసన పడదని అటువైపు ఎన్నడూ వెళ్లని మనిషి ఆవిడ. ఆ మర్నాటి నుంచి తన చిన్న రోలు తెచ్చుకుని, వెన్నెల మాత్రలు తనే దంచి, బెల్లంలో కలిపి ఉండ చేసి ఇచ్చేది. ఉలవ గుగ్గిళ్ల మధ్య పెడితే గుర్రం గుగ్గిళ్లు తిని ఉండ వదిలేస్తుంది. అరచేతిలో పెట్టి "తినవే తల్లీ" అంటే తినేస్తుంది. ఆ కిటుకు అత్తయ్యదే.

ఇక ఆ దీపావళి రాత్రి.

మందులు పట్టి, వాపు దిగి, బాగుందనుకుంటున్నాం. తోట చుట్టూ అన్నీ ఫామ్‌హౌస్‌లే. పటాకులు రాత్రి 8 నుంచి 10 లోపే కాల్చాలని సుప్రీంకోర్టు 2018లోనే చెప్పింది. ఫామ్‌హౌస్‌ల గేట్ల దాకా ఆ తీర్పు వచ్చినట్టు లేదు. మేం సాయంత్రం నుంచే షెడ్డు తలుపులు మూసి, గోనెసంచులు కట్టి, రేడియో గట్టిగా పెట్టాం. పదిన్నరకు పక్కతోటలో థౌజండ్ వాలా అంటించారు. వెన్నెల లోపలే గుండ్రంగా పరుగు పెట్టింది. చాచా "హో బేటా, హో" అంటూ చేతులు చాపి నిలబడ్డాడు. అది ఆగలేదు. తర్వాత ఉన్నట్టుండి ఆగిపోయింది. ఆ ఆగడం చూసే నాకు వెన్నులో చలి పుట్టింది.

ముందుకాళ్లు ఎడంగా పెట్టి, మెడ చాపి నిలబడింది. ముక్కుపుటాలు ఎర్రగా తెరుచుకుని ఉన్నాయి. ఊపిరికి పక్కటెముకలు లేచి పడుతున్నాయి. ఎడమ ముక్కు నుంచి నురగ. టార్చి వేస్తే ఆ నురగ లేత గులాబీ రంగులో ఉంది. గుండె లెక్కపెట్టబోయాను, వంద దాటాక లెక్క తప్పిపోయింది. మొదటి డాక్టరుగారి ఫోను మోగి మోగి ఆగిపోయింది. కల్నల్ గారు రెండో రింగుకే ఎత్తారు. "ఊపిరితిత్తుల్లోకి నీరొచ్చింది. బయల్దేరుతున్నా. నా దగ్గర లాసిక్స్ చాలదు, దొరికినన్ని తెచ్చి పెట్టండి" అన్నారు.

మావారు నన్ను బండి మీద మెడికల్ షాపుకు తీసుకెళ్లారు. ఇరవై మిల్లీగ్రాముల ఆంపూల్స్ పాతిక కావాలంటే కౌంటర్‌లో కుర్రాడు అనుమానంగా చూశాడు.

"పేషెంటు వయసెంత మేడం?"

"పదిహేడు."

"బరువు?"

"450 కిలోలు."

నవ్వలేదు ఆ అబ్బాయి. నా మొహం చూసి ఉంటాడు. లోపలికెళ్లి ఉన్నవన్నీ తెచ్చి, లెక్కపెట్టకుండా కవర్లో పోసి, డబ్బులు రేపివ్వండి అన్నాడు.

తిరిగొస్తూ పక్కతోట గేటు ముందు ఆగి, దయచేసి ఆపండి అని బతిమాలాను. "మీ గుర్రానికి హార్ట్ ప్రాబ్లం ఉంటే మాకేంటి మేడం, పండగ గదా" అన్నాడొకడు గ్లాసు చేత్తో పట్టుకుని. ఆ గొంతు ఎక్కడ విన్నా గుర్తుపడతాను. కానీ ఆ గుంపులోంచే ఒక కుర్రాడు మా వెనకే వచ్చాడు. తెల్లారేదాకా ఎమర్జెన్సీ లైటు పట్టుకుని షెడ్డు మూల నిలబడ్డాడు. పేరు అడగాలని కూడా తోచలేదు.

పెద్ద సిరంజీలు నింపడం మొదలుపెట్టాం. ఒక్కో ఆంపూల్‌లో ఉండేది రెండు మిల్లీలీటర్లే. మా అమ్మాయి మెడలు విరుస్తోంది, నేను లాగుతున్నాను, అత్తయ్య ఖాళీవి ఏరి పళ్లెంలో వేస్తోంది. నా బొటనవేలు తెగితే కొంగు చుట్టుకున్నాను. కల్నల్ గారు పైజామా మీదే వచ్చారు. మెడ నరం చేత్తో తడిమి, సూది దించి, ఒకదాని తర్వాత ఒకటి ఎక్కించారు. తర్వాత స్టూలు మీద కూర్చుని వాచీ చూసుకున్నారు. ఎవరం మాట్లాడలేదు. పది నిమిషాలు. పదిహేను. వెన్నెల తోక కొంచెం పైకెత్తింది.

అది పోసిన మూత్రం షెడ్డు నేల మీద పారి మా చెప్పుల దాకా వచ్చింది. చాచా అందులోనే నిలబడి "అల్లా, అల్లా" అంటూ ఏడ్చాడు. కల్నల్ గారు "ఇంకా పోస్తుంది, జరగండి" అన్నారు. ఆ మాటకు అందరం పిచ్చివాళ్లలా నవ్వాం. తెల్లవారేసరికి గుండె అరవైలోకి దిగింది. గడ్డి వాసన చూసింది, తినలేదు. మధ్యాహ్నం తినింది.

చాచా జహంగీర్ పీర్ దర్గా నుంచి తాయెత్తు తెచ్చి జూలులో కట్టాడు. అత్తయ్య చిలుకూరు బాలాజీకి మొక్కుకుని, కోరిక తీరాక 108 ప్రదక్షిణలూ తనే చేసింది, ఆ గుండెతో, నడుమ నడుమ కూర్చుంటూ. మందులు పనిచేశాయా, దేవుళ్లు పనిచేశారా అంటే నేను వాదించను. రెండూ మానలేదు మేం.

ఇప్పుడు పొద్దున్నే దాణా వేయకముందు ఎడమ మోచేయి వెనక స్టెతస్కోపు పెట్టి నిమిషం నిండా లెక్కపెట్టి, క్యాలెండర్‌లో రాస్తాను. నలభైకి అటూ ఇటూ ఉంటోంది. లయ రాలేదు, రాదు. లాసిక్స్ ఆపేశారు, డిజాక్సిన్ తగ్గించారు. గుర్రాలున్నవాళ్లు ఎవరైనా చదువుతుంటే మీకూ చెబుతున్నా: గుర్రం బాగున్నప్పుడే దాని లెక్క రాసి పెట్టుకోండి, తేడా వస్తే డాక్టరుకు చూపించడానికి ఉంటుంది. దాణా ఆడించే మిల్లులో కోళ్ల దాణా, పశువుల దాణా కూడా ఆడతారేమో కనుక్కోండి. ఆడితే అక్కడ కొనకండి, ఎంత చవకైనా సరే. డిజాక్సిన్ మీద ఉన్న గుర్రం తిండి మానేస్తే, మర్నాటిదాకా ఆగకుండా డాక్టరుకు ఫోన్ చేయండి.

మొన్నొక బ్యాండ్‌మేళం ఆయన వచ్చి, తెల్లగుర్రం గదా, మెల్లగా నడుస్తుంది గదా, పెళ్లికిస్తారా అని అడిగాడు. అత్తయ్య తోట గేటు దాకా తరిమినంత పని చేసింది.

మొదటి డాక్టరుగారికి ఈసీజీ కాపీ, స్కానింగు రిపోర్టు, దుడుకు నడక సంగతి ఒక కాగితం మీద రాసి, మూడూ కవర్లో పెట్టాను. అడ్రసు కూడా రాశాను. పోస్టు చేయనివ్వడం లేదు చాచా. "వచ్చే నెల టీకా ఉన్నది బేటీ, కల్నల్ సాబ్ కొడుకు దగ్గరికి పోతున్నడు. సూది ఎయ్యాలంటె ఇగ ఆయన్నే పిలవాలె" అంటున్నాడు. టీకా అయిపోయాక వేస్తాను.