బెలూన్‌లోంచి రాయి లెక్క నన్ను మూడుసార్లు తిప్పింది

ఇంటర్ ఫస్టియర్‌లో హాస్టల్లో ఉన్నప్పటి సంగతి. మేడ మీంచి బంతి వదిలేసే లెక్కలు బానే వచ్చేవి, సూత్రంలో పడేస్తే ఆన్సర్ వచ్చేసేది. బెలూన్ లెక్క దగ్గరే ఇరుక్కుపోయా. బెలూన్ సెకనుకి 10 మీటర్ల చొప్పున పైకి పోతోంది, 75 మీటర్ల ఎత్తులో అందులోంచి రాయి వదిలేశారు, ఎంతసేపటికి నేల మీద పడుతుంది? జీ, అంటే భూమి లాగడం వల్ల వచ్చే త్వరణం, 10 తీసుకోమన్నాడు.

"వదిలేశారు" అన్నాడు కదా అని యూ, అంటే మొదటి వేగం, సున్నా వేశా, రూట్ 15 వచ్చింది, అది ఆప్షన్లలో ఉంది కూడా, ఎంసెట్ బిట్లు తయారుచేసేవాళ్ళకి మనం ఎక్కడ జారతామో బాగా తెలుసు. రాయికి బెలూన్ స్పీడ్ ఉంటుంది కదరా అని రూమ్మేట్ అంటే యూ 10 పెట్టి మళ్ళీ చేశా, 3 సెకన్లు. అదీ ఉంది! కీ చూస్తే 5.

స్టడీ అవర్‌లో సార్ దగ్గరకి పట్టుకెళ్ళా. "వదలగానే రాయి ఎటు పోతుందిరా?" అన్నారు. కిందకే కద సార్ అన్నా. ఆయన చాక్‌పీస్ పట్టుకుని చెయ్యి పైకి లేపుతూ మధ్యలో వేళ్ళు విప్పేశారు, అది ఇంకో జానెడు పైకి లేచి అప్పుడు కిందపడి రెండు ముక్కలైంది.

తర్వాత నా రఫ్ బుక్ మార్జిన్‌లో పైకి ఒక బాణం గీసి ప్లస్ పెట్టారు. ఇక యూ ప్లస్ 10, జీ మైనస్ 10, రాయి చివరికి చేరేది 75 కింద కాబట్టి అదీ మైనస్. నేనేమో మూడింటికీ ప్లస్ పెట్టేశా, అంటే నేను చేసింది కిందకి దిగే బెలూన్ లెక్క. గుర్తులు సరిచేసి, పట్టే టైం టీ అనుకుని సూత్రంలో వేస్తే టీ స్క్వేర్ మైనస్ 2 టీ మైనస్ 15, సున్నాకి సమానం. 5, మైనస్ 3.

మైనస్ 3 కొట్టెయ్యబోతుంటే ఆగమన్నారు. అదే రాయిని 3 సెకన్ల ముందు నేల మీంచి 40 స్పీడుతో విసిరి ఉంటే సరిగ్గా ఇప్పుడు ఇక్కడే ఉండేదట. సరి చూద్దామని సెకనుకి ఎంత ఎక్కుతుందో కూడా వేసుకున్నా, 35, 25, 15, మూడు సెకన్లకి 75, ఇంకో సెకన్లో 5 ఎక్కి 80. దిగేటప్పుడు 5, 15, 25, 35. వదిలాక ఒకటీ, దిగడానికి నాలుగూ, మొత్తం 5! సూత్రమే అక్కర్లేదు.

ఇంత జరిగాక ఆ వారం టెస్టులో గరిష్ఠ ఎత్తు దగ్గర త్వరణం ఎంత అని అడిగితే హాయిగా సున్నా అని రాసేసి వచ్చా, అక్కడ సున్నా అయ్యేది వేగమే, జీ మైనస్ 10 అలాగే ఉంటుందని మర్చిపోయి.