బ్రెయిన్‌డెడ్ నుంచి ఆపరేషన్ థియేటర్ దాకా: ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్‌గా నా అనుభవం

"గుండె కొట్టుకుంటోంది, ఒళ్లు వెచ్చగానే ఉంది. పోయాడంటారేంటి?" ఐసీయూ బయట ఎవరైనా అడిగేది ఇదే. జవాబు ఆప్నియా పరీక్షలో, అంటే సొంతంగా ఊపిరి తీసుకోగలడో లేదో చూసే పరీక్షలో ఉంది.

ముందు మత్తుమందులు పూర్తిగా దిగిపోవాలి, ఒంటి వేడి, బీపీ కుదురుకోవాలి. కంటిపాప, దగ్గు లాంటి ప్రతిస్పందనలేవీ లేవని తేలాక పది నిమిషాలు నూరు శాతం ఆక్సిజన్ ఇచ్చి వెంటిలేటర్ ఊడదీస్తారు. సన్నటి గొట్టంలోంచి ఆక్సిజన్ మాత్రం పోతుంటుంది. దుప్పటి తీసేసి, ఎనిమిది పది నిమిషాలు అందరి చూపూ ఛాతీ, పొట్ట మీదే. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పీడనం 60 మి.మీ. దాటినా ఊపిరి కదలకపోతే, ఊపిరిని నడిపే మెదడు కాండం పనిచేయడం లేదని అర్థం. మధ్యలో బీపీ పడిపోతే ఆపేయాలి. నలుగురు డాక్టర్ల బృందం, కనీసం 6 గంటల ఎడంతో, ఇదంతా రెండుసార్లు చేస్తుంది.

అవయవదానం మాట ఆ రెండో పరీక్ష అయ్యాకే. మరణవార్త, దానం ఒకే గుక్కలో చెబితే "అవయవాల కోసమే చంపేశారు" అనుకుంటారు. వార్త చెప్పి, పక్కకు తప్పుకుని, కాసేపాగి కూర్చుంటాను. భార్య సరేనన్నా పెదనాన్న వద్దంటే సంతకం ఆగిపోతుంది. అందుకే పెద్దవాళ్లందరినీ ఒకేసారి కూర్చోబెట్టడం మేలు.

ఒప్పుకున్నాక ప్రభుత్వ పథకం జీవన్‌దాన్‌కు సమాచారం. ఉమ్మడి రాష్ట్రం 1995లోనే అవయవమార్పిడి చట్టం చేసుకున్నా, వరుస ప్రకారం అవయవాలు కేటాయించే ఈ పథకం మొదలైంది 2013లో, హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రి కేంద్రంగా. విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్‌కు వేరే జీవన్‌దాన్ ఉంది.

ఈలోపు శరీరాన్ని కాపాడటమే అసలు కష్టం. మెదడు పోయాక మూత్రాన్ని అదుపు చేసే హార్మోన్ ఆగిపోయి గంటకు 300 మిల్లీలీటర్లకు పైనే పోతుంది. పట్టించుకోకపోతే సోడియం పెరిగి కాలేయం పాడవుతుంది. ఆ హార్మోన్‌కు బదులుగా ఇచ్చే వాసోప్రెసిన్, గంటగంటకూ మూత్రం కొలత, సెలైన్: ఈ మూడింటిలో నర్సు ఏది మరిచినా దానం పోయినట్టే.

రోడ్డు ప్రమాదమైతే పోలీసు పంచనామా, పోస్ట్‌మార్టం తప్పవు. స్టేషన్ వేరే జిల్లాదైతే సంతకం రోజే ఫోన్ చేయాలి, మర్నాడు కాదు. బయటికి తీసిన గుండెకు 4 నుంచి 6 గంటలే గడువు. 2021లో నాగోల్ నుంచి జూబ్లీహిల్స్ దాకా మెట్రోలో గుండెను తీసుకెళ్లింది అందుకే.

బిల్లింగ్ కౌంటర్‌కు కూడా ముందే చెప్పి ఉంచాలి. సంతకం తర్వాతి ఖర్చు దాత కుటుంబానిది కాదు. పొరపాటున ఆ ఖర్చు బిల్లు వాళ్ల చేతికొస్తే చాలు, ఒప్పుకున్నవాళ్లు మనసు మార్చుకుంటారు.