కాటుకకి జోడీ వెతికినప్పుడు

మా కాటుక నల్ల లాబ్రడార్. కేసీఐ (కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా) కాగితాలున్నాయి, మైక్రోచిప్ ఉంది, విశాఖలో షో రింగు కూడా ఎక్కింది. దాని పిల్లల్ని పోటీలకి తయారు చేయాలని నా ఆశ. విజయనగరంలో లాబ్రడార్ లేని వీధి లేదు కాబట్టి "మావాడున్నాడు, తీసుకొచ్చేయండి" అనేవాళ్ళకి కొదవ లేకపోయింది. మా వీధి టీకొట్టాయనైతే "కుక్కకి కూడా సంబంధాలేటి బావూ" అని ఒకటే నవ్వు.

నేను ముందు చూసింది మగకుక్కల్ని కాదు, కాటుకనే. దాని తల ముచ్చటగా ఉంటుంది. తోక మొదట్లో లావుగా, గుండ్రంగా, లాబ్రడార్‌కి ఉండాల్సినట్టే ఉంటుంది. లోపమల్లా భుజం దగ్గరే. భుజం కింది ఎముక పొట్టి, అందుకే పరుగు నడకలో ముంగాళ్ళు ముందుకి చాచదు. ఎముకపుష్టి కూడా కాస్త తక్కువే. ఒక్క కాన్పులో అన్నీ దిద్దేద్దామంటే కుదరదు. అందుకని భుజానికే పెద్దపీట వేశాను.

బక్కదానికి బాగా బండదాన్ని జత చేస్తే పిల్లలు మధ్యరకంగా వస్తాయని చాలామంది చెబుతారు. నేను చూసినంతలో అలా రాలేదు. కొన్ని తల్లిని, కొన్ని తండ్రిని పోలతాయి, కొన్నిటికి ముందు భాగం ఒకరిది, వెనక భాగం ఇంకొకరిది. నాక్కావలసింది ఆ ఒక్కచోటా సరిగ్గా ఉన్న కుక్క.

అవతలివాళ్ళని కాగితాలు అడగాలంటే మన దగ్గరా ఉండాలి కదా. కాటుకకి రెండేళ్ళు నిండాక గరివిడి వెటర్నరీ కాలేజీకి తీసుకెళ్ళి తుంటి ఎక్స్‌రే తీయించాను. మత్తిచ్చి వెల్లకిలా పడుకోబెట్టి, వెనక కాళ్ళు రెండూ సమానంగా చాపి, మోకాళ్ళు లోపలికి తిప్పి పట్టుకుంటారు. కాళ్ళు ఏమాత్రం వంకరగా ఉన్నా ఫొటో పనికిరాదు. బంతిలాంటి ఎముక తల గిన్నెలో ఎంత లోతుగా కూర్చుందో అందులో తెలుస్తుంది. బుగ్గ లోపల స్వాబ్ తిప్పి డీఎన్‌ఏ పరీక్షలకీ పంపాను: చూపు పోగొట్టే పీఆర్‌ఏ, గట్టిగా పరుగెత్తించాక కాళ్ళు కూలిపోయే ఈఐసీ. రెండింట్లోనూ కాటుక క్లియర్, అంటే ఆ లోపపు జన్యువు దానిలో లేదు.

మొదట విశాఖలో ఒక ఛాంపియన్ని చూశాను. ఫొటోల్లో సింహమే. ఎక్స్‌రే ఉందా అంటే "ఛాంపియన్‌కి ఎక్స్‌రే ఎందుకండీ" అన్నారు. జడ్జి రింగులో చేత్తో తడిమి తుంటి కీలు లోపల చూడలేడు. పైగా అది మరీ లావు. లాబ్రడార్లలో దాదాపు నాలుగింట ఒకదానికి పీఓఎంసీ జన్యువులో ఒక ముక్క ఉండదు, వాటికి ఆకలి మామూలు కంటే ఎక్కువని 2016లో కేంబ్రిడ్జివాళ్ళు తేల్చారు. దీని సంగతి పుట్టుకదో పెట్టే తిండిదో గానీ, ఆ బరువు కింద భుజం తీరు నాకు కనిపించనే లేదు. నమస్కారం పెట్టి వచ్చేశాను.

ఆమదాలవలసలో రైల్వే నుంచి రిటైరైన మాస్టారొకాయన దగ్గర పసుపు రంగు మగది ఉందని తెలిసింది. పేరు బంటి, ఐదేళ్ళది. ఆ వయసు నాకు నచ్చింది. కుర్ర కుక్కలో బయటపడని జబ్బులు కొన్ని ఈపాటికి తెలిసిపోతాయి. ఛాంపియన్ కాదు. నాగావళి ఒడ్డుకి తీసుకెళ్ళి కొబ్బరి డొక్క విసిరారు. ఆగకుండా నీళ్ళలోకి దూకి, తెచ్చి చేతిలో పెట్టింది. తిప్పి చూశాను, పంటిగాట్లు లేవు. ఒళ్ళు విదుల్చుకున్నాక వీపు మీద బొచ్చు వేళ్ళతో విడదీస్తే అడుగున చర్మం పొడిగా ఉంది. రెండు పొరల బొచ్చుంటే అలాగే ఉంటుంది. ఎత్తు కొలిస్తే 57 సెంటీమీటర్లు. లాబ్రడార్ జాతి ప్రమాణంలో మగకుక్కకి రాసింది 56 నుంచి 57.

అప్పటికీ మాటివ్వలేదు. "దీని పిల్లల్ని చూపించండి మాస్టారూ" అన్నాను. "నువ్వొక్కడివే అడిగావు బావూ" అని ఆయనే దగ్గరుండి తిప్పారు. నా దృష్టిలో మొత్తం వెతుకులాటలో గట్టి పని ఇదే. రాజాంలో, చీపురుపల్లిలో, వేరువేరు తల్లులకి పుట్టిన పిల్లలు. తల్లుల్లో ఒకదాని భుజం అచ్చం కాటుకదిలాగే ఉంది. పిల్లలు మాత్రం ముంగాళ్ళు బారుగా చాచి నడుస్తున్నాయి. ట్రోఫీలు ఎన్ని చూసినా ఈ సంగతి తెలిసేది కాదు. చెవులు మాత్రం కొన్నిటికి పెద్దవే. దాంతో నాకు పేచీ లేదు.

బంటి ఈఐసీలో క్యారియర్, అంటే దానికి జబ్బు లేదు గానీ లోపపు జన్యువు ఒకటి మోస్తోంది. చాలామంది అక్కడే వెనక్కి తగ్గుతారు. కాటుక క్లియర్ కాబట్టి ఏ పిల్లకీ ఆ జబ్బు రాదు, సగటున సగం పిల్లలు క్యారియర్లవుతాయి. కొనేవాళ్ళకి ఆ మాట ముందే చెప్పాలని ఇద్దరం అనుకున్నాం. తుంటి రిపోర్టు బాగుంది, జతకట్టేటప్పుడు అంటుకుని కడుపు పోగొట్టే బ్రూసెల్లా పరీక్ష రెండు కుక్కలకీ చేయించాం.

కాటుక హీట్‌కి వచ్చాక రోజులు లెక్కపెట్టుకుంటూ కూర్చోలేదు. రోజు విడిచి రోజు రక్తంలో ప్రొజెస్టెరాన్ చూపించాను, అండం విడుదలయ్యే సమయం ఆ హార్మోన్‌తో తెలుస్తుంది. మిల్లీలీటరుకి 5 నానోగ్రాములు దాటాక రెండు రోజులాగి ఆమదాలవలస తీసుకెళ్ళాను. మాస్టారు డబ్బు వద్దన్నారు, పిల్లల్లో మొదటి ఎంపిక తనదన్నారు. రెండే పిల్లలు పుడితే ఏమిటి, చూలు నిలవకపోతే మళ్ళీ మేటింగ్ ఉంటుందా, రిజిస్ట్రేషన్ కాగితం మీద ఆయన సంతకం ఎప్పుడు పెడతారు, అన్నీ ముందే రాసుకున్నాం.

కాటుక తల్లి పసుపుది కావడంతో ఈ కాన్పులో నల్లవీ పసుపువీ కలిసి పుట్టాయి. ఎనిమిది వారాలు నిండాక మాస్టారు వచ్చి, నేను కన్నేసిన నల్ల ఆడపిల్లనే ఎత్తుకెళ్ళారు. దాని తోబుట్టువు ఒకటి మా ఇంట్లో ఉంది. రెండేళ్ళు నిండాక దాన్నీ ఎక్స్‌రేకి తీసుకెళ్ళాలి.